సొంత కెర్నెల్‌లో ఫిజికల్ మెమరీ మేనేజర్ రాయడం ఎలా

కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కోడ్) రాసేటప్పుడు పేజింగ్ (ప్రోగ్రామ్ వాడే అడ్రస్‌లని పేజ్ టేబుల్స్‌తో అసలు ర్యామ్‌కి ముడిపెట్టడం), హీప్ (చిన్న చిన్న ముక్కలుగా మెమరీ ఇచ్చే చోటు) అన్నీ తర్వాత చూసుకోవచ్చు, ముందు ర్యామ్‌లో ఏ ముక్క ఖాళీగా ఉంది ఏది వాడకంలో ఉంది అని లెక్క పెట్టుకునే కోడ్ కావాలి, ఫిజికల్ మెమరీ మేనేజర్ అంటే అదే. 4096 బైట్ల ముక్క (దీన్నే ఫ్రేమ్ అంటారు) ఒకటి అడిగితే ఇవ్వాలి, వెనక్కిస్తే తీసుకోవాలి, అంతే పని.

ర్యామ్ ఎంతుందో మీరు ఊహించొద్దు, బూట్‌లోడర్‌ని (కెర్నెల్‌ని ర్యామ్‌లోకి ఎక్కించే ప్రోగ్రామ్‌ని) అడగండి. గ్రబ్ అనే బూట్‌లోడర్ అయితే మల్టీబూట్ (బూట్‌లోడర్, కెర్నెల్ మధ్య ఒప్పందం) మెమరీ మ్యాప్ ఇస్తుంది, సొంత బూట్‌లోడర్ అయితే రియల్ మోడ్‌లో (ప్రాసెసర్ మొదట లేచే 16 బిట్ల మోడ్‌లో) ఉండగానే ఆ మ్యాప్ ఇచ్చే బయోస్ ఈ820 కాల్ చేస్కోవాలి. మ్యాప్‌లో టైప్ 1 (వాడుకోదగ్గ ర్యామ్) అని ఉన్న రీజియన్లే మనవి, మిగతావి ముట్టుకోకండి. మల్టీబూట్ 1లో ఒక తిరకాసుంది, ప్రతి ఎంట్రీలో సైజ్ అనే ఫీల్డ్ తనని తాను లెక్కేసుకోదు, కాబట్టి తర్వాతి ఎంట్రీకి వెళ్ళాలంటే సైజ్‌కి ఇంకో 4 కలపాలి.

మొదటిసారి రాసేవాళ్ళకి నేను బిట్‌మ్యాపే చెప్తా. ఫ్రేమ్‌కి ఒక బిట్, 1 అంటే వాడకంలో ఉంది, 0 అంటే ఖాళీ. 128 ఎంబీకి 32768 ఫ్రేములు, అంటే బిట్‌మ్యాప్ సరిగ్గా 4096 బైట్లు, ఒక్క ఫ్రేమ్‌లో పట్టేస్తుంది! 4 జీబీకైనా 128 కేబీయే. కాకపోతే సైజ్ లెక్క మొత్తం ర్యామ్‌ని బట్టి కాదు, వాడుకోదగ్గ రీజియన్లలో అన్నిటికన్నా పై అడ్రస్‌ని బట్టి వెయ్యాలి, ఎందుకంటే మధ్యలో కంతలుంటాయి.

అసలు ప్రాణమంతా వరసలోనే ఉంది. ముందు బిట్లన్నీ 1 చేసెయ్యండి, తర్వాత టైప్ 1 రీజియన్లని ఖాళీ చెయ్యండి, ఆ తర్వాత మొదటి 1 ఎంబీ, కెర్నెల్, బూట్‌లోడర్ ఇచ్చిన సమాచారం, బిట్‌మ్యాప్ ఇవన్నీ మళ్ళీ 1 చెయ్యండి. నేను ఒకసారి కెర్నెల్ అయిపోయిన చోటే బిట్‌మ్యాప్ పెట్టి దాన్ని మాత్రం మార్క్ చెయ్యడం మర్చిపోయా, మొట్టమొదట ఇచ్చిన ఫ్రేమే బిట్‌మ్యాప్ ఉన్న చోటు, దాన్ని పేజ్ టేబుల్‌కని సున్నాలతో నింపగానే ర్యామ్ అంతా ఖాళీ అని చూపించి కెర్నెల్ కోడ్ ఉన్న ఫ్రేములే పంచడం మొదలెట్టింది, కారణం దొరకడానికి మూడ్రోజులు పట్టింది.

కెర్నెల్ ఎక్కడ అయిపోతుందో లింకర్ స్క్రిప్ట్‌లో (కోడ్ మెమరీలో ఎక్కడ కూర్చోవాలో చెప్పే ఫైల్‌లో) ఒక సింబల్ పెట్టి తెలుసుకోండి, సీ భాషలో దాని విలువ చదవకూడదు, అడ్రస్ తీసుకోవాలి. ఖాళీ రీజియన్ మొదలుని పైకి, చివరని కిందకి రౌండ్ చెయ్యండి, రిజర్వ్ చేసేటప్పుడు సరిగ్గా దీనికి తిరగేసి.

వెతికేటప్పుడు ఒక్కో బిట్ చూడకుండా 32 బిట్లు ఒకేసారి చూడండి, అన్నీ ఒకట్లే ఉంటే ముందుకెళ్ళిపోండి. ఫ్రేమ్ ఫ్రీ చేసేటప్పుడు ఆ బిట్ అప్పటికే 0 ఉంటే వెంటనే ప్యానిక్ అయ్యేలా (ఎర్రర్ చూపించి కెర్నెల్ ఆగిపోయేలా) పెట్టుకోండి, డబుల్ ఫ్రీ (ఒకే ఫ్రేమ్‌ని రెండుసార్లు వెనక్కివ్వడం) అక్కడికక్కడే పట్టుబడుతుంది.

రాశాక క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో) ర్యామ్ 32 ఎంబీకి తగ్గించి, అయిపోయేదాకా ఫ్రేములు తీస్కుంటూ పోండి, అన్నీ తిరిగిచ్చేయండి, మళ్ళీ తీస్కోండి, రెండుసార్లూ ఒకే లెక్క రావాలి.