పేకముక్కల లెక్క, ఏడో పాఠం: పై టేబుల్‌కు ఎప్పుడు వెళ్ళాలి

పోకర్‌లో ఎక్కువ పందేల టేబుల్‌కు, అంటే పై టేబుల్‌కు, ఎప్పుడు వెళ్ళాలన్నది ఈ పాఠం. ఆరో పాఠం చివర ఇచ్చిన లెక్కతో, ఎదుటివాడి పందేనికి సమానంగా వేయాలా (కాల్ చేయాలా) వద్దా అన్నదానితో, మొదలుపెడదాం. మీ చేతిలో ఆఠీను ఆసు, ఆఠీను తొమ్మిది ఉన్నాయి. ఫ్లాప్‌లో, అంటే అందరికీ కలిపి బల్ల మీద పరిచే మొదటి మూడు ముక్కల్లో, ఆఠీను రాజు, ఆఠీను నాలుగు, ఇస్పేటు ఏడు పడ్డాయి. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, కళావరు రెండు వచ్చింది. పాట్‌లో (పందేల సొమ్ము చేరే కుప్పలో) 12 బిగ్ బ్లైండ్లు (బ్లైండ్లు అనే రెండు తప్పనిసరి పందేల్లో పెద్దది బిగ్ బ్లైండ్, మన కొలమానం అదే) ఉండగా ఎదుటి ఆటగాడు 6 పందెం కాశాడు. మీకు కనిపించని ముక్కలు 46, వాటిలో ఆఠీన్లు 9, కాబట్టి రివర్‌లో, అంటే చివరిదైన ఐదో ముక్కతో, రంగు కలిసే (ఐదు ఆఠీన్లు అయ్యే) అవకాశం 19.6 శాతం. మీరు 6 వేస్తే పాట్ మొత్తం 24 అవుతుంది. అందులో మీ వాటా నాలుగో వంతు కనుక కాల్ గిట్టుబాటు కావాలంటే 25 శాతం అవకాశం ఉండాలి. ఆ లెక్కన ప్రతి కాల్‌కూ సగటున 1.3 బిగ్ బ్లైండ్లు పోతాయి. రంగు కలిసినప్పుడల్లా రివర్‌లో ఎదుటివాడి దగ్గర నుంచి సగటున మరో 6.7 బిగ్ బ్లైండ్లు రాబట్టగలిగితేనే లెక్క సరిపోతుంది.

చాలామంది ఇక్కడిదాకా సరిగానే చేశారు. అయితే నల్లకుంటలో ఆదివారం సాయంత్రాలు మేము కూర్చునే మేడ గదిలో, చింతగింజలను చిప్‌లుగా పెట్టుకుని ఇదే పంపకాన్ని మళ్ళీ ఆడించినప్పుడు, అందరికన్నా చిన్నవాడైన ఇంజనీరింగ్ విద్యార్థి, ‘‘మాస్టారూ, ఆసు పడినా మనదే కదండీ?’’ అని అడిగాడు. అతను అడిగింది సరైన ప్రశ్న. ఎదుటివాడి దగ్గర రాజుల జత మాత్రమే ఉండి, పక్కన ఆసు లేకపోతే, మిగిలిన మూడు ఆసులు కూడా మనల్ని గెలిపిస్తాయి. అప్పుడు 46లో 12, అంటే 26.1 శాతం, కాల్‌కు సరిపోయే అవకాశమే. ఎదుటివాడి చేతిలో ఏముండవచ్చో ఊహించకుండా మన ముక్కలను మాత్రమే లెక్కపెట్టడం వల్ల సమాధానం తారుమారవుతుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ చిన్న లెక్కకూ ఈ పాఠం విషయానికీ దగ్గరి సంబంధం ఉంది. 1.3 బిగ్ బ్లైండ్ల పొరపాటును నూరు పంపకాల్లో నాలుగుసార్లు చేస్తే 5 బిగ్ బ్లైండ్లకు పైగా పోతాయి. చిన్న పందేల టేబుల్ మీద నిలకడగా గెలిచే మంచి ఆటగాడికి నూరు పంపకాలకు మిగిలేది కూడా దాదాపు అంతే.

ముందుకు వెళ్ళేముందు చట్టం సంగతి మరోసారి స్పష్టంగా చెప్పాలి. తెలంగాణలో 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించినప్పటి నుంచి డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడడం నిషిద్ధం. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూపకుండా, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. కాబట్టి హైదరాబాద్‌లో ఉన్న మనకు ఇది చింతగింజలతో, ఉచిత చిప్‌లతో చేసే అధ్యయనం మాత్రమే. 2013 నుంచి లైసెన్సు పద్ధతిలో ఆన్‌లైన్ పోకర్ నడుస్తున్న న్యూజెర్సీ వంటి చోట్ల ఉంటూ ఈ పాఠాలు చదివే తెలుగువారు, అక్కడి నియమాలకు లోబడి, ఇవే లెక్కలను డాలర్లకు వర్తింపజేసుకోవచ్చు. దొంగదారిన నడిచే సైట్లలో ఆడడానికి ఈ పాఠాలను వాడుకోవద్దని నా మనవి. అక్కడ డబ్బు ఇరుక్కుంటే అడగడానికి దిక్కుండదు.

ఇక అసలు విషయానికి వద్దాం. గెలుపును రూపాయల్లో కాకుండా నూరు పంపకాలకు ఎన్ని బిగ్ బ్లైండ్లు అన్న కొలతలో రాయాలని మూడో పాఠంలో చెప్పుకున్నాం. దీన్ని గెలుపు రేటు అన్నాం. పై టేబుల్‌కు వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయం గెలుపు రేటు మీద ఆధారపడాలని అందరూ ఒప్పుకుంటారు. కానీ ఆ రేటు మనకు నిజంగా తెలుసా అన్న ప్రశ్న దగ్గర చాలామంది ఆగరు. ఉప్పల్ నుంచి మెహిదీపట్నానికి బస్సులో ఎంతసేపు పడుతుందో మూడు రోజుల ప్రయాణాన్ని బట్టి చెప్పలేం. ఆ మూడింటిలో ఒక రోజు జోరున వాన పడి ఉండవచ్చు, మరో రోజు పండగ సెలవై రోడ్లు ఖాళీగా ఉండి ఉండవచ్చు. పోకర్‌లో ప్రతి రోజూ వాన రోజో సెలవు రోజో అయినట్టే ఉంటుంది.

దీన్ని అంకెల్లో చూద్దాం. ఆరుగురు ఆడే నో-లిమిట్ (పందేనికి పరిమితి లేని) టేబుల్‌లో నూరు పంపకాల ఫలితానికి ప్రామాణిక విచలనం, అంటే ఫలితాలు సగటు నుంచి ఎంత చెదురుతాయో చెప్పే కొలత, సుమారు 90 బిగ్ బ్లైండ్లు అనుకోవచ్చు. మీరు ఆడిన పంపకాలను నూరుతో భాగించి, వచ్చిన సంఖ్యకు వర్గమూలం కట్టి, దానితో 90ని భాగిస్తే మీ గెలుపు రేటులో ఉండే పొరపాటు ఎంతో తెలుస్తుంది. 10,000 పంపకాలకు అది 9 అవుతుంది. దానికి రెండింతలు అటూ ఇటూ వదలాలి కనుక, నూరుకు 5 గెలుస్తున్నానని మీ ఆటల లెక్కల పుస్తకం చెబుతున్నా, అసలు రేటు 13 పోగొట్టుకోవడానికీ 23 గెలవడానికీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. లక్ష పంపకాలు ఆడిన తరువాత కూడా ఆ పొరపాటు 2.8 దగ్గర ఉంటుంది. ఒక టేబుల్ మీద గంటకు 75 పంపకాలు ఆడేవాడికి 10,000 పూర్తి కావడానికే 130 గంటలకు పైగా పడుతుందని గుర్తుంచుకోండి.

ఈ లెక్క నాకు తెలియని రోజుల్లో ఏం జరిగిందో చెబుతాను. నిషేధానికి ముందు, 2016లో, ఒకటి–రెండు రూపాయల బ్లైండ్ల టేబుల్ మీద నేను ఆడేవాణ్ణి. నాలుగు వేల రూపాయలతో మొదలుపెట్టి, 8,000 పంపకాల్లో 12 బై-ఇన్‌లు (టేబుల్ దగ్గర కూర్చునేటప్పుడు తెచ్చుకునే సొమ్ము, అంటే 100 బిగ్ బ్లైండ్లు, ఒక బై-ఇన్), మొత్తం 2,400 రూపాయలు గెలిచాను. నూరుకు 15 బిగ్ బ్లైండ్లు! ఆట నాకు పూర్తిగా పట్టుబడిందని నమ్మి, మధ్యలో ఉన్న రెండు–నాలుగు టేబుల్‌ను వదిలేసి, నేరుగా ఐదు–పదికి వెళ్ళాను. అక్కడ ఒక బై-ఇన్ వెయ్యి రూపాయలు, నా దగ్గర ఉన్నవి ఆరు వేల నాలుగు వందలు. మూడు రాత్రుల్లో, 900 పంపకాల్లో, నాలుగు వేలు పోయాయి. ఎవరో మోసం చేశారనీ, ముక్కలు పంచే యంత్రం పక్షపాతం చూపిందనీ కొన్నాళ్ళు గట్టిగా అనుకున్నాను.

తరువాత అదే పుస్తకం ముందు పెట్టుకుని లెక్క కట్టాను. 8,000 పంపకాలకు పొరపాటు 10, కాబట్టి నా 15 అన్నది నిజానికి 5 పోగొట్టుకోవడం నుంచి 35 గెలవడం దాకా ఏదైనా కావచ్చు. 900 పంపకాలకు ప్రామాణిక విచలనం 270 బిగ్ బ్లైండ్లు. గెలుపూ ఓటమీ సరిసమానంగా ఉన్న ఆటగాడికి కూడా అంతటి వ్యవధిలో 400 బిగ్ బ్లైండ్లు పోవడం పద్నాలుగు సార్లలో ఒకసారి జరిగేదే. యంత్రం తప్పేమీ లేదు. ఆరు బై-ఇన్‌లతో కూర్చోవడమే తప్పు, అది నేను చేసిన తప్పు.

మరి ఎన్ని బై-ఇన్‌లు ఉండాలి? ఇందుకు ఒక సూత్రం ఉంది. నూరు పంపకాల గెలుపు రేటును రెట్టింపు చేసి, మీ బ్యాంక్‌రోల్‌లోని (ఆటకు కేటాయించిన మొత్తం మూలధనంలోని) బిగ్ బ్లైండ్లతో గుణించి, విచలనపు వర్గంతో, అంటే 8,100తో భాగించండి. వచ్చిన సంఖ్యను 2.718కి రుణ ఘాతంగా వేస్తే, ఆ మూలధనం ఎప్పటికైనా పూర్తిగా పోయే అవకాశం ఎంతో వస్తుంది. గెలుపు రేటు 5, మూలధనం 20 బై-ఇన్‌లు అయితే ఆ అవకాశం 8.5 శాతం. 30 ఉంటే 2.5 శాతానికి, 40 ఉంటే 0.7 శాతానికి దిగుతుంది. గెలుపు రేటు 2 మాత్రమే అయితే 20 బై-ఇన్‌లకు 37 శాతం, 30కి 23 శాతం. రేటు సున్నా అయినా అంతకన్నా తక్కువైనా ఎంత మూలధనమూ చాలదు. సూత్రంలో మనం వేసే గెలుపు రేటే పొరపాటుతో నిండి ఉన్నది కనుక, పుస్తకంలో కనిపించిన అంకెలో సగాన్ని మాత్రమే వేసి లెక్క కట్టమని మా బృందంలో నేను పట్టుబడతాను. కొందరికి అది మరీ పిరికితనంగా తోస్తుంది, కానీ ఈ విషయంలో నా అభిప్రాయం మారలేదు.

2000లో ప్రపంచ పోకర్ సిరీస్ ప్రధాన పోటీ గెలిచిన క్రిస్ ఫెర్గూసన్, 2006లో ఒక్క డాలరు కూడా పెట్టకుండా ఉచిత పోటీలతో మొదలుపెట్టి, మరుసటి ఏడాదికి పది వేల డాలర్లకు చేరాడు. ఏ టేబుల్ మీదా మొత్తం సొమ్ములో 5 శాతానికి మించి పెట్టకూడదన్నది అతని నియమం, అంటే కనీసం 20 బై-ఇన్‌లు. అందరూ ఆ 5 శాతాన్నే గుర్తుపెట్టుకుంటారు. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది అతని రెండో నియమం. టేబుల్ మీద తన ముందున్న చిప్‌లు మొత్తం సొమ్ములో 10 శాతం దాటితే, గెలుస్తూ ఉన్నా సరే, బ్లైండ్లు తన దగ్గరకు వచ్చేసరికి లేచిపోవాలి. గెలుస్తున్నప్పుడు లేవగలిగినవాడికి ఓడుతున్నప్పుడు దిగడం కూడా వస్తుంది.

పై టేబుల్ గురించి మరో లెక్క ఎవరూ కట్టరు. కింది టేబుల్ మీద నూరుకు 5 గెలిచేవాడు, రెట్టింపు పందేల టేబుల్‌కు వెళ్ళి అక్కడ నూరుకు 2 గెలిస్తే, కింది టేబుల్ కొలతలో అది 4 మాత్రమే. పందెం పెరిగింది, ఆటుపోట్లు రెట్టింపయ్యాయి, చేతికొచ్చేది తగ్గింది. పైన గెలుపు రేటు కింది రేటులో సగానికి మించి నిలబడితేనే ఎక్కడంలో లాభం ఉంది. దీనికి ఎదురు నిలిచే అంశం రేక్, అంటే ఆట నడిపేవారు పాట్‌లోంచి తీసుకునే రుసుము. పాట్‌లో 5 శాతం కోసుకునే చోట, నూరు పంపకాల్లో సగటున 12 బిగ్ బ్లైండ్ల పాట్‌లు 14 గెలిచేవాడి చేతిలోంచి 8.4 బిగ్ బ్లైండ్లు రేక్ కిందే పోతాయి. ఒక్కో పాట్‌కు ఇంతకు మించి కోయకూడదన్న పరిమితి పెద్ద టేబుళ్ళ మీద త్వరగా తగులుతుంది కాబట్టి, పైకి వెళ్ళేకొద్దీ రేక్ భారం బిగ్ బ్లైండ్లలో తగ్గుతుంది. మీరు ఆడే చోట ఆ పరిమితి ఎంతో చూడకుండా నిర్ణయం తీసుకోకండి.

ఉచిత చిప్‌లతో సాధన చేసేవారికి ఒక హెచ్చరిక. అక్కడ ఎదుటివారు పోయేదేమీ లేదన్న ధీమాతో అన్నిటికీ కాల్ చేస్తారు, అందుచేత మీ గెలుపు రేటు చాలా పెద్దగా కనిపిస్తుంది. ఆ అంకెకు విలువ లేదు. మా బృందంలో అందుకే గెలిచిన చిప్‌లను లెక్కించం. ఆదివారం ఆడిన పంపకాల్లో కష్టమనిపించిన పదింటిని రూళ్ళ పుస్తకంలో రాసుకుని, పైన చేసినట్టు ఒక్కోదానికీ లెక్క కట్టి, ఎన్ని నిర్ణయాలు తప్పాయో చూసుకుంటాం. చింతగింజలు ఒక్కొక్కరికి రెండు వందలు. అయిపోయినవాడు ఆ సాయంత్రం మిగతావారి పంపకాలను పుస్తకంలో రాస్తాడు.

ఎక్కే నియమాన్ని రాసేముందు దిగే నియమాన్ని రాయాలి, ఎందుకంటే ఓడుతున్న రాత్రి మనిషి తనకు తాను ఏ నియమమూ రాసుకోలేడు. నేను సూచించేది ఇది. కింది టేబుల్ కొలతలో 60 బై-ఇన్‌లు పోగైన తరువాత, కనీసం 40,000 పంపకాలు పుస్తకంలో ఉంటే, ఎక్కండి. రెట్టింపు పందేల టేబుల్ మీద అవి 30 అవుతాయి. పైన 6 బై-ఇన్‌లు పోయిన క్షణంలో, ఆ పంపకం తేలగానే, దిగిపోండి. అప్పటికీ కింది కొలతలో 48 మీ దగ్గర ఉంటాయి కనుక పునాది చెదరదు. తిరిగి 60కి చేరినప్పుడు మళ్ళీ ప్రయత్నించవచ్చు. ఈ సొమ్ము ఇంటి అద్దెలోంచో, పిల్లల ఫీజులోంచో, అప్పులోంచో వచ్చినదైతే పై లెక్కలేవీ వర్తించవు, ఎందుకంటే అది పోయినా ఫరవాలేదన్న సొమ్ము మీదే ఈ సూత్రం నిలబడింది.

నలుడు పుష్కరుడి చేతిలో రాజ్యం పోగొట్టుకున్నది పాచికలతోనే, తిరిగి గెలుచుకున్నదీ పాచికలతోనే. మధ్యలో నలుడు సారథిగా ఉన్న రాజు ఋతుపర్ణుడు తాండ్ర చెట్టు కొమ్మల మీద ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్కగట్టి చెబితే, నలుడు నమ్మక రథం ఆపి, చెట్టు కొట్టి లెక్కపెట్టుకున్నాడు. అంకె సరిపోయిన తరువాతే అతను అక్షహృదయం, అంటే పాచికల రహస్య విద్య, అడిగి నేర్చుకున్నాడు. మా బృందంలో చేరే ప్రతివారికీ మొదటి రోజు నేను ఈ ఘట్టం చెబుతాను.

ఎనిమిదో పాఠానికి ముందు చేయవలసిన లెక్క: ఒక ఆటగాడి పుస్తకంలో 22,500 పంపకాలు, నూరుకు 4 బిగ్ బ్లైండ్ల గెలుపు, 35 బై-ఇన్‌ల మూలధనం ఉన్నాయి, ప్రామాణిక విచలనం 90. అతని అసలు గెలుపు రేటు ఏ హద్దుల మధ్య ఉండవచ్చు? రేటు నిజంగా 4 అయితే మూలధనం పూర్తిగా పోయే అవకాశం ఎంత, 2 మాత్రమే అయితే ఎంత? ఈ రెండు సమాధానాలు పక్కపక్కన రాసి, అతను ఇప్పుడు ఎక్కాలా ఆగాలా అన్నది ఒక్క వాక్యంలో, కారణంతో సహా రాయండి.