ఇంటేక్ ఎయిర్ టెంపరేచర్ సెన్సార్ పోయిందా? కొత్తది కొనేముందు ఇవి చూడండి

చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, స్కానర్ పెడితే పీ0113 అనే ఫాల్ట్ కోడ్ వచ్చింది, అంతే, ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి వేడిని కొలిచే ఈ సెన్సార్ కొత్తది ఆర్డర్ పెట్టేయకండి. ఆ సర్క్యూట్‌లో వోల్టేజ్ మరీ ఎక్కువ కనిపిస్తోందని మాత్రమే ఆ కోడ్ చెప్తుంది, సెన్సార్ పోయినా అదే, వైరు తెగినా అదే, సెన్సార్‌కి వైర్లు తగిలించే ప్లగ్ (కనెక్టర్) ఊడినా అదే. ఈమధ్య ఎయిర్ ఫిల్టర్ మార్చారా? అయితే ముందు బానెట్ ఎత్తండి, ఫిల్టర్ బాక్స్ తీసేటప్పుడు పీకిన ప్లగ్ మళ్ళీ పెట్టడం మర్చిపోయుంటారు (నేనూ చేశా ఆ పని, రెండ్రోజులు అలాగే తిరిగా).

సెన్సార్ ఫిల్టర్ బాక్స్ మీదో, దాని తర్వాతి పైపు మీదో ఉంటుంది, రెండు వైర్లు. చాలా కార్లలో దీన్ని మాఫ్‌లోనో (గాలి ఎంత వెళ్తోందో కొలిచే సెన్సార్) మ్యాప్‌లోనో (ఇంటేక్ మ్యానిఫోల్డ్‌లో ప్రెషర్ కొలిచే సెన్సార్) కలిపేస్తారు.

రాత్రంతా ఆగిన కారుని పొద్దున్నే స్టార్ట్ చేయకుండా, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి స్కానర్‌లో లైవ్ డేటా (సెన్సార్ల అప్పటి రీడింగులు) చూడండి. గాలి టెంపరేచర్, కూలెంట్ టెంపరేచర్ దాదాపు ఒకటే ఉండాలి, ఐదారు డిగ్రీల తేడా లెక్కలోది కాదు. గాలి టెంపరేచర్ మైనస్ 40 ఉందంటే ఓపెన్ సర్క్యూట్ (ఎక్కడో తెగింది), 120 దాటి ఉందంటే షార్ట్ (ఎక్కడో కలిసిపోయింది). ట్రాఫిక్‌లో నిలబడ్డాక చూస్తే మాత్రం బయటికంటే 20 డిగ్రీలు ఎక్కువే కనిపించొచ్చు, అది ఇంజిన్ వేడి, కంగారుపడకండి.

120 చూపిస్తోందా? ఇగ్నిషన్ ఆఫ్ చేసి ప్లగ్ పీకి మళ్ళీ ఆన్ చేయండి, మైనస్ 40కి పడిపోతే తప్పు సెన్సార్‌ది, పడకపోతే వైరింగ్‌ది. ముందునుంచే మైనస్ 40 ఉంటే ప్లగ్ పీకి, వైర్ల వైపు ప్లగ్‌లో రెండు పిన్నులనీ చిన్న వైరుతో కలపండి, రీడింగ్ ఒక్కసారిగా పైకెగిరితే వైరింగ్ బాగానే ఉన్నట్టు, సెన్సార్ మార్చాల్సిందే. ఇది రెండు వైర్ల సెన్సార్‌కే సుమా, మాఫ్ ప్లగ్‌లో 12 వోల్ట్‌ల వైరు కూడా ఉంటుంది కాబట్టి వైరింగ్ డయాగ్రమ్ లేకుండా వేలు పెట్టొద్దు.

చిరాకు పెట్టేది సగం పాడైన సెన్సార్, రీడింగ్ నమ్మేలాగే ఉంటుంది గానీ తప్పు. దాన్ని బయటికి తీసి మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టండి, 20 డిగ్రీల దగ్గర చాలా సెన్సార్లు 2 నుంచి 3 కిలో ఓమ్స్ చూపిస్తాయి, మీ కారు లెక్క సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఇప్పుడు హెయిర్ డ్రయ్యర్ గాలి తగలనివ్వండి, వేడెక్కే కొద్దీ ఓమ్స్ మెల్లగా దిగుతూ పోవాలి, మధ్యలో ఎగిరిందా, కదలకుండా కూర్చుందా, పోయినట్టే. పైన జిడ్డు పట్టి ఉంటే ముందు ఎలక్ట్రానిక్ క్లీనర్ కొట్టి ఆరాక మళ్ళీ చూడండి.

అన్నట్టు, ప్లగ్ పీకి టెస్ట్ చేసినందుకే ఇంకో కోడ్ పడుంటుంది, అయిపోయాక అది కూడా క్లియర్ చేయండి.