బుల్లి రోబో పాఠాలు – 4: తూలే బండిని కుదురుగా నడిపించడం

పోయిన పాఠం చివర మీ బండి నల్లగీత వెంట నడిచింది. నడిచిందంటే నడిచింది, కానీ ఆ నడక చూసి ఇంట్లో పిల్లలు నవ్వే ఉంటారు. ఎడమకు ఒక కుదుపు, కుడికి ఒక కుదుపు, నేలమీద పాము పాకినట్టు. వేగం పెంచితే ఇంకా ఘోరం, మొదటి మలుపు దగ్గరే గీత వదిలేసి కుర్చీ కిందకి పోతుంది. ఈ పాఠంలో ఆ తూలుడు తగ్గిద్దాం. కొత్త సామాను అక్కర్లేదు. ఒక వైరు మార్చాలి, నాలుగైదు లైన్ల కోడ్ మార్చాలి. బుర్రకు పని మాత్రం కాస్త ఎక్కువే.

ముందు తూలుడు ఎందుకో చూద్దాం. మనం వాడిన టీసీఆర్‌టీ5000 సెన్సర్‌లో కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి విసిరే బల్బు ఒకటి, తిరిగొచ్చిన కాంతిని పట్టే ఫోటో ట్రాన్సిస్టర్ ఒకటి ఉంటాయని చెప్పుకున్నాం. తెలుపు మీద కాంతి బాగా తిరిగొస్తుంది, నలుపు మీద చాలావరకు ఇంకిపోతుంది. అయితే ఆ సెన్సర్ బిగించి ఉన్న చిన్న పలక, అంటే మాడ్యూల్ మీద ఎల్ఎమ్393 అనే చిన్న చిప్ కూర్చుని ఉంది కదా, అది పంచాయతీ పెద్దలాంటిది. వచ్చిన కాంతిని ఒక హద్దుతో పోల్చి "నలుపు" లేదా "తెలుపు" అని ఒక్కమాటలో తేల్చేస్తుంది. నీలం డబ్బాలాంటి ప్రీసెట్ స్క్రూ తిప్పి మీరు సర్దింది ఆ హద్దునే. బండికి మెదడైన ఆర్డునో బోర్డుకి చేరేది ఆ ఒక్కమాటే. బండి ఎంత పక్కకు పోయిందో దానికి తెలీదు, పోయిందని మాత్రమే తెలుస్తుంది. అదీ పోయాక తెలుస్తుంది. వెంటనే శక్తికొద్దీ తిరుగుతుంది, అవతలి పక్కకు పోతుంది, మళ్లీ అదే కథ.

పిల్లలకు ఇది అర్థం కావాలంటే ఒక ఆట ఆడించండి. నేలమీద పొడుగ్గా తాడు పరిచి, ఒకరి కళ్లకు గంతలు కట్టి దాని పక్కన నడవమనండి. దారి చెప్పేవాళ్లు "ఎడమ", "కుడి" అని రెండే మాటలు అనాలి. నడిచేవాళ్లు తూలుతారు. రెండోసారి "కొంచెం ఎడమ", "బాగా ఎడమ", "ఊఁ, సరిపోయింది" అననివ్వండి. నడక ఎలా మారిందో చూడండి. మనం ఇవాళ బండికి నేర్పేది ఆ "కొంచెం" అనే మాటే.

అంచు మీద నడక

మాడ్యూల్ మీద డీవో (డిజిటల్ అవుట్‌పుట్, ఆ ఒక్కమాట వచ్చే చోటు) అని రాసి ఉన్న పిన్ను పక్కనే ఏవో అని ఇంకో పిన్ను ఉంటుంది. ఏవో అంటే ఏవేవో కాదు, అనలాగ్ అవుట్‌పుట్. ఇక్కడ పంచాయతీ పెద్ద అడ్డురాడు, ఫోటో ట్రాన్సిస్టర్ దగ్గరి వోల్టేజీ ఉన్నదున్నట్టు వస్తుంది. డీవో నుంచి వైరు తీసి ఏవోకి పెట్టండి, రెండో కొసను ఆర్డునో ఊనో మీద అనలాగ్ సున్నా పిన్నులో గుచ్చండి. ఊనో ఆ పిన్ను దగ్గర 0 నుంచి 5 వోల్టుల వరకు ఉన్న మేరను 1024 మెట్లుగా కోసి, 0 నుంచి 1023 లోపు ఒక అంకె చెప్తుంది. ఇవాళ్టికి ఒక్క సెన్సర్ చాలు. రెండోదాన్ని ఊడదీయొద్దు, దానికీ పనుంది.

మోటార్లు ఆపేసి ఈ చిన్న ప్రయోగం చేయండి. తెల్లకాగితం మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, సెన్సర్ కింద కాగితాన్ని పక్కకు కొద్దికొద్దిగా, ఒక్కోసారి ఒకటి రెండు మిల్లీమీటర్లు జరుపుతూ వచ్చిన అంకె రాసుకోండి. నా బండి మీద ఇలా వచ్చాయి: పూర్తి తెలుపు మీద 90, టేపు అంచు దగ్గరపడగానే 210, సరిగ్గా అంచు మీద 450, కొంచెం లోపలికి 690, పూర్తి నలుపు మీద 810. మీ అంకెలు వేరేగా ఉంటాయి. కొన్ని మాడ్యూళ్లలో తెలుపుకే పెద్ద అంకె వస్తుంది, అలాగైతే కింది లెక్కలో గుర్తు తిరగేస్తే చాలు.

మనకు కావలసిన బంగారమంతా ఆ మధ్య అంకెల్లో ఉంది. గీత నట్టనడుమ అంతా 810, బయట అంతా 90. రెండు చోట్లా బండికి కొత్తగా తెలిసేదేం లేదు. అంచు మీద మాత్రం ప్రతి మిల్లీమీటరుకీ అంకె మారుతోంది. కాబట్టి ఇవాళ్టి నుంచి బండి గీత మీద నడవదు, గీత ఎడమ అంచు మీద నడుస్తుంది.

సెన్సర్ ఎత్తు కూడా సర్దుకోవాలి. తయారీదారులు ఇచ్చే వివరాల పత్రం (డేటాషీటు) ప్రకారం అది 2.5 మిల్లీమీటర్ల దూరంలో బాగా పనిచేస్తుంది. అయినా ఈ పనికి నేను 6, 7 మిల్లీమీటర్ల ఎత్తులో పెడతాను. ఎత్తు పెరిగితే అది చూసే చుక్క వెడల్పవుతుంది, తెలుపు నుంచి నలుపుకి మారడం మెల్లగా జరుగుతుంది, "కొంచెం"కి చోటు దొరుకుతుంది. మరీ ఎత్తితే గదిలో వెలుతురు కలగజేసుకుంటుంది.

తేడాకు తగ్గ తిప్పు

లెక్క ఇది:

తేడా = రీడింగ్ − 450
తిప్పు = తేడా × గుణకం
ఎడమ చక్రం = 120 − తిప్పు
కుడి చక్రం = 120 + తిప్పు

450 అనేది తెలుపుకీ నలుపుకీ నడిమి అంకె, 120 మామూలు వేగం (మోటారుకి మనం పంపే అంకె 0 నుంచి 255 దాకా అని గుర్తుందిగా). గుణకం 0.2 అనుకుందాం. బండి కుడికి జరిగి నలుపులోకి దూరి, రీడింగ్ 600 వచ్చింది. తేడా 150, తిప్పు 30. ఎడమ చక్రం 90కి తగ్గింది, కుడిది 150కి పెరిగింది. బండి మెత్తగా ఎడమకు తిరుగుతుంది. రీడింగ్ 470 మాత్రమే అయితే తిప్పు 4, అంటే తిప్పీ తిప్పనట్టు. పూర్తిగా తెలుపులోకి పోయి 90 వస్తే తేడా మైనస్ 360, తిప్పు మైనస్ 72, కుడికి గట్టిగా తిరుగుతుంది. "కొంచెం", "బాగా" రెండూ వచ్చేశాయి, ఒక్క 'ఇఫ్' కూడా రాయకుండా.

గుణకాన్ని 'ఫ్లోట్'గా (దశాంశం పట్టే అంకెగా) ప్రకటించండి. 'ఇంట్' (పూర్ణాంకం) అని రాస్తే 0.2 కాస్తా సున్నా అయిపోతుంది, బండి గీతతో సంబంధం లేకుండా తిన్నగా పోతుంది. కోడ్‌లో తప్పేమీ కనపడదు, ఎర్రర్ రాదు. దీనిమీద నేనొక రాత్రి నిద్ర పోగొట్టుకున్నాను. చివర్లో వచ్చిన వేగం 0 కంటే తగ్గకుండా, 255 దాటకుండా హద్దు కూడా పెట్టండి. ఇంకో సంగతి, పసుపుపచ్చ గేర్ మోటార్లు 60, 70 లోపు అంకెకి తిరగవు, ఊరికే కూతపెడతాయి. మీ మోటారు ఏ అంకె దగ్గర కదలడం మొదలుపెడుతుందో ముందే చూసి రాసుకోండి.

ఇప్పుడు గుణకాన్ని 0.1తో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ పోండి. తక్కువైతే మలుపుల్లో బద్ధకంగా తిరిగి గీత వదిలేస్తుంది. పెంచేకొద్దీ మలుపు పట్టుకుంటుంది, కానీ ఒక చోటికొచ్చాక తిన్నని గీత మీద కూడా తోక ఊపడం మొదలుపెడుతుంది. అంటే పాత జబ్బే చిన్నరూపంలో తిరిగొచ్చిందన్నమాట.

ఓడ నడిపేవాళ్లు చేసే పని

ఈ తోక ఊపుడుకు మందు వందేళ్ల కిందటిది. రష్యాలో పుట్టి అమెరికాకి వెళ్లిన నికొలస్ మినోర్‌స్కీ అనే ఇంజనీరు ఓడలు వాటంతటవి దారి తప్పకుండా పోయేలా చేయాలని చుక్కాని పట్టేవాళ్ల పనిని గమనించి, 1922లో దాని లెక్కను ప్రచురించాడు. ఆరితేరిన చుక్కానిదారు ఓడ ఎంత పక్కకు పోయిందన్నదే చూడడు. ఎంత జోరుగా పోతోంది, లేక అప్పటికే వెనక్కి తిరిగిందా అన్నది కూడా చూస్తాడు. ఓడ దారికొస్తోందనిపిస్తే, ఇంకా పూర్తిగా రాకముందే చుక్కాని వదులు చేస్తాడు. సైకిలు తొక్కేటప్పుడు మీరూ చేసేది అదే, హ్యాండిల్‌ని చివరిదాకా తిప్పి ఉంచరు.

మన లెక్కలో దానికి ఒక్క ముక్క కలిపితే చాలు:

మార్పు = ఇప్పటి తేడా − కిందటి తేడా
తిప్పు = తేడా × 0.2 + మార్పు × 1

కిందటిసారి తేడా 180, ఇప్పుడు 150 అనుకోండి. మొదటి ముక్క 30 అంటోంది, ఎడమకు తిప్పమని. మార్పు మైనస్ 30, కాబట్టి రెండో ముక్క "అది అప్పటికే వస్తోంది, వదిలెయ్" అంటోంది. రెండూ కలిస్తే సున్నా. బండి అంచు మీదకి మెత్తగా వచ్చి కూర్చుంటుంది. అదే తేడా 120 నుంచి 150కి పెరిగి ఉంటే తిప్పు 60 అయ్యేది.

దీన్ని పీడీ (ప్రపోర్షనల్-డెరివేటివ్, అంటే తేడానీ మార్పునీ రెండూ చూసే పద్ధతి) అంటారు. మూడో ముక్క (ఇంటిగ్రల్) చేరిస్తే పీఐడీ. ఆ మూడోది ఇక్కడ వద్దనే నా సలహా. అది పాత తేడాలన్నీ కూడబెట్టుకుంటూ పోతుంది, మలుపులో కూడబెట్టింది తిన్నటి దారిలో కక్కుతుంది. రెండు మోటార్లు సమానంగా తిరగక బండి ఒక పక్కకే లాగుతుంటే, ఆ పక్క వేగంలో నాలుగైదు అంకెలు సర్దడం మేలు.

మార్పు లెక్క సరిగ్గా రావాలంటే లూప్ (కోడ్‌లో మళ్లీ మళ్లీ నడిచే భాగం) సమానమైన అంతరాలలో తిరగాలి. 10 మిల్లీసెకన్లకి ఒకసారి అని కట్టేయండి. రీడింగులు కంప్యూటర్‌లో చూడ్డానికి పెట్టిన సీరియల్ ప్రింట్ లైన్లు తీసేయండి. సెకనుకి 9600 బిట్ల వేగంతో ఒక్క అక్షరం పంపడానికే సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. ఇరవై అక్షరాల లైను ప్రతి లూప్‌లో రాస్తే, కాసేపటికి బఫర్ (పంపాల్సిన అక్షరాలు ఆగే చోటు) నిండిపోయి బండి గీతను వదిలి మీకు ఉత్తరాలు రాస్తూ కూర్చుంటుంది.

రీడింగులు ఊరికే ఎగిరెగిరి పడుతుంటే మోటార్ల గోల సెన్సర్‌కి తగులుతోందని అర్థం. ఒక్కో మోటారు రెండు కాళ్ల మధ్య 104 అని రాసి ఉన్న చిన్న సిరామిక్ కెపాసిటర్ అతికించండి.

బండి ఇంకా మాట వినకపోతే మూడు చోట్ల వెతకండి. కిటికీ: ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది, పొద్దున కుదిరిన అంకెలు మధ్యాహ్నం కుదరవు. బ్యాటరీ: నిండుగా ఉన్నప్పుడు సర్దిన గుణకాలు అది దిగేకొద్దీ చాలవు. గీత: ఇది నేను పడ్డ గుంట. ఓ పెద్ద చార్టు మీద ఇంక్‌జెట్ ప్రింటర్‌తో అందమైన ట్రాక్ అచ్చువేయించుకొచ్చాను, కంటికి కాటుకలా నల్లగా ఉంది. బండి దాన్ని అసలు చూడలేదు, రీడింగ్ 100 దాటలేదు. చాలా ఇంక్‌జెట్ నల్లసిరాలు ఇన్‌ఫ్రారెడ్‌ని పీల్చుకోవు, సెన్సర్ దృష్టిలో అది తెల్లకాగితమే. లేజర్ ప్రింటర్ పొడిలో మసి ఉంటుంది కాబట్టి అది పనికొస్తుంది. టేపు ఇంకా నయం.

వచ్చే పాఠానికి పని: అంకె 8 ఆకారంలో ట్రాక్ వేసి బండిని వదలండి. నడుమ గీతలు దాటుకునే చోట అది తిన్నగా పోదు, ఎడమ అంచునే నమ్ముకుని పక్కగీత పట్టుకుని, సున్నా లోపలి అంచు మీద ఉంటే ఆ ఒక్క సున్నాలోనే, బయటి అంచు మీద ఉంటే 8 చుట్టూ బయటే తిరుగుతూ ఉండిపోతుంది. పక్కన పెట్టిన రెండో సెన్సర్‌ని అక్కడే వాడబోతున్నాం. దాన్ని గీతకు ఎటుపక్క, ఎంత దూరంలో బిగించాలో ఈలోగా కాగితం మీద గీసి చూసుకోండి.