నార్నియాలో సిలువను ఎలా చదవాలి

నార్నియా అనే మాయాలోకం గురించి సి.ఎస్. లూయిస్ రాసిన 1950 నవల ‘ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్’లో ముందు 13, 14, 15 అధ్యాయాలు ఒక్క బిగిన చదవండి. 2005 సినిమా ఆ తర్వాతే.

పక్కన మార్కు సువార్త 14–16 తెరిచి ఉంచుకోండి. చావుకు ముందు రాత్రి నడకలో, క్రీస్తును తలపించే సింహం అస్లాన్ దిగులు యేసు పట్టుబడకముందు వేదనపడ్డ గెత్సేమనేను, జూలు కత్తిరించి చేసే హేళన సైనికుల అపహాస్యాన్ని, తెల్లవారేదాకా కనిపెట్టుకుని ఉన్న ఇద్దరమ్మాయిలు సమాధి దగ్గరి స్త్రీలను గుర్తుకు తెస్తారు.

చాలామంది పొరబడేది ఒక్కచోట. అస్లాన్ చనిపోయేది లోకమంతటి కోసం కాదు, తోబుట్టువులకు ద్రోహం చేసిన ఎడ్మండ్ అనే అబ్బాయి ఒక్కడి కోసం. నార్నియా నియమం ప్రకారం ద్రోహి ప్రాణం మీద హక్కు అస్లాన్ శత్రువైన మంత్రగత్తెది. కాబట్టి దేవుని ఉగ్రతను చల్లార్చే బలి కన్నా, మార్కు 10:45లోని ‘విమోచన క్రయధనం’ దీనికి దగ్గర.

ఇక సినిమాలో, తనను చంపిన రాతిబల్ల పగిలి తిరిగి బతికాక అస్లాన్ చెప్పే మాటలు ఆపి వినండి. నవలలో అతన్ని బతికించేది కాలం పుట్టకముందటి, మంత్రగత్తెకు తెలియని మరింత లోతైన మాయ. సినిమాలో ఆమెకు త్యాగం అర్థం తెలియలేదంతే! అనాది సంకల్పం కాస్తా అర్థం చేసుకోవడంలో పొరపాటుగా కుంచించుకుపోయింది. ఇది పెద్ద నష్టమే.

యుద్ధం చివర సినిమా అస్లాన్ ‘ఇట్ ఈజ్ ఫినిష్డ్’ అంటాడు. యోహాను 19:30లోని ‘సమాప్తమైనది’ అదే. నవలలో ఆ మాట లేదు. సిలువ మీద పలికినది ఇక్కడ శత్రువు చచ్చాక వినబడుతుంది. నోట్సులో ఈ మార్పును విడిగా రాసుకోండి.