రాజుల సంతకాలు – 4వ పాఠం: సంతకాన్ని కప్పి, తేదీ చదవండి

మొదటి మూడు పాఠాల్లో తోలుపత్రం ఎలా ఉంటుందో, పాత సిరా ఎలా గోధుమరంగుకు తిరుగుతుందో, కలంతో పెట్టిన సంతకానికీ ముద్రతో కొట్టిన సంతకానికీ భూతద్దం కింద తేడా ఎలా తెలుస్తుందో చూశాం. ఈ పాఠానికి భూతద్దం పక్కన పెట్టేయండి. అరచేతి సైజు తెల్లకాగితం ముక్క, ఒక పెన్సిల్ చాలు. పెన్ను మాత్రం వద్దు. పాత పత్రం దగ్గరికి పెన్ను తీసుకెళ్లకూడదని రెండో పాఠంలోనే అనుకున్నాం.

మనం నమూనాగా పెట్టుకున్నది బ్రిటిష్ సైన్యంలో ఆఫీసర్లకు ఇచ్చిన కమిషన్ పత్రం, అంటే నియామక పత్రం. దాన్నే మళ్లీ ముందు పెట్టుకుందాం. ఎడమ పక్కన పైన, మనం ఉత్తరం మీద ‘శ్రీరామ’ రాసుకునే చోట, రాజు సంతకం ఉంటుంది. దాని కిందుగా ఎడమ అంచున కాగితం కప్పిన ముద్ర, స్టాంపు సుంకం కట్టినట్టు చూపే నీలి స్టాంపులు. మధ్యలో అచ్చు వేసిన పెద్ద వాక్యం, ఖాళీలలో చేత్తో రాసిన ఆఫీసరు పేరు, హోదా. అట్టడుగున తేదీ, దాని దగ్గరే మంత్రి సంతకం.

పత్రం చేతికి రాగానే అందరి చూపూ పైనున్న సంతకం మీదకే పోతుంది. మన కళ్లను మోసం చేసేది కూడా అదే. ఒకసారి ‘జార్జ్’ అన్న అక్షరాలు కనబడ్డాయంటే, ఆ తర్వాత పత్రంలో ఏం రాసి ఉన్నా మనసు దాన్ని సంతకానికి అనుకూలంగానే చదువుకుంటుంది. అందుకే ఆ తెల్లకాగితం ముక్కతో సంతకాన్ని కప్పేయండి. కప్పాక కిందనుంచి పైకి చదవండి. ముందు తేదీ, తర్వాత మంత్రి, ఆ తర్వాత మొదటి వాక్యంలో ఉన్న రాజు పేరు. ఈ మూడూ రాసుకుని, ‘ఈ రోజున ఈ పత్రం మీద ఎవరి చెయ్యి పడాలి?’ అన్న ప్రశ్నకు మీ జవాబు పెన్సిల్‌తో నోట్‌బుక్‌లో రాయండి. కాగితం ముక్క తీయడం ఆ తర్వాతే.

ఇప్పుడు తేదీ సంగతి. ఈ పత్రాల్లో తేదీ రెండు రకాలుగా ఉంటుంది. మామూలు క్రీస్తుశకం తేదీ ఒకటి, ‘మా పాలనలో ఇన్నో సంవత్సరం’ అన్నది రెండోది. తెలుగు శాసనాలు చదివిన అలవాటున్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ‘ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సరంబులు’ అని మన రాజులు రాయించిందీ ఇదే లెక్క. రాజు గద్దెనెక్కిన రోజునుంచి మొదటి సంవత్సరం మొదలవుతుంది. జనవరి ఒకటితో దానికి సంబంధం లేదు.

ఒక ఉదాహరణ చేద్దాం. పత్రం అడుగున ‘1857 మార్చి 10, మా పాలనలో ఇరవయ్యో సంవత్సరం’ అని ఉందనుకోండి. విక్టోరియా రాణి గద్దెనెక్కింది 1837 జూన్ 20న. పత్రం సంవత్సరంలోంచి గద్దెనెక్కిన సంవత్సరం తీసేయండి. 1857 లోంచి 1837 పోతే 20. పత్రం తేదీ జూన్ 20 కన్నా ముందుదైతే వచ్చిన అంకెను అలాగే ఉంచండి. జూన్ 20 గానీ ఆ తర్వాత గానీ అయితే ఒకటి కలపండి. మార్చి ముందే వస్తుంది కాబట్టి ఇరవై. సరిపోయింది. అదే పత్రం 1857 జూలై తేదీతో ఉంటే ఇరవై ఒకటి అని రాసి ఉండాలి.

ఈ చిన్న లెక్క నాకు ఎందుకింత ఇష్టమో చెప్తాను. సంతకాన్ని అనుకరించేవాడు రాణి అక్షరాల వంపు రోజుల తరబడి సాధన చేస్తాడు. పత్రం అడుగున ఉన్న ‘ఇరవయ్యో’ అన్న మాటను పట్టించుకోడు. కొందరు అసలు పత్రమే తీసుకుని, తేదీ మాత్రం గీకి మారుస్తారు. తోలుపత్రం మీద సిరాను చాకుతో గీకి తీసేయొచ్చు. గీకిన చోట నునుపు పోయి నూగులా లేస్తుంది, అక్కడ కొత్తగా పెట్టిన సిరా అంచులు కాస్త అలుక్కుపోయినట్టు ఉంటాయి. గదిలో లైటు తీసేసి, ఫోన్ టార్చిని పత్రం పక్కన దాదాపు పడుకోబెట్టి వెలిగించండి. గీకిన చోటు నీడతో లేచి కనబడుతుంది. అయితే గీకుడు కనబడగానే దొంగపత్రమని తీర్మానించొద్దు. ఆ రోజుల్లో గుమస్తాలు కూడా తప్పు పడితే చాకుతోనే గీకేవారు. గీకింది పేరులోనా, తేదీలోనా అన్నది చూడాలి. తేదీలో గీకుడు ఉండి, పాలనా సంవత్సరం లెక్క కూడా కుదరకపోతే ఆ పత్రం కొనకండి.

ఇక మూడో జార్జ్ సంగతి. ఈ పాఠంలో ఎక్కువసేపు ఇక్కడే ఆగుతాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నదీ ఇక్కడే. ఆయన 1760 అక్టోబర్ 25న రాజయ్యాడు, 1820 జనవరి 29న చనిపోయాడు. దాదాపు అరవై ఏళ్లు. ఆయన కాలం పత్రాలు చాలా దొరుకుతాయి కాబట్టి కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లు ఆయనతోనే మొదలుపెడతారు. కానీ చివరి తొమ్మిదేళ్లు ఆయన రాజుగా ఉన్నాడే తప్ప రాజ్యం చేయలేదు. మతి తప్పింది, చూపూ పోయింది. 1811 ఫిబ్రవరి 5న కొడుకు రీజెంట్, అంటే రాజు బదులు రాజ్యం నడిపేవాడు, అయ్యాడు. అప్పటినుంచి పత్రం మొదట్లో ‘మూడో జార్జ్’ అనే ఉంటుంది, పాలనా సంవత్సరం తండ్రిదే ఉంటుంది, సంతకం మాత్రం కొడుకుది. కొడుకు పేరు కూడా జార్జే! తండ్రి ‘జార్జ్ ఆర్’ అని పెట్టేవాడు, కొడుకు ‘జార్జ్ పి.ఆర్.’ అని పెట్టేవాడు. మొదటిదానిలో ఆర్ అంటే లాటిన్‌లో రాజు. రెండోదానిలో పి.ఆర్. అంటే ప్రిన్స్ రీజెంట్. తండ్రి పోయాక కొడుకు నాలుగో జార్జ్ అయ్యాడు కాబట్టి 1820 జనవరి చివరినుంచి అతనూ ‘జార్జ్ ఆర్’ అనే పెట్టాడు.

పన్నెండేళ్ల కిందట విదేశంలో ఒక అమ్మకందారు దగ్గర నేను ఒక కమిషన్ పత్రం కొన్నాను. ఫ్రేమ్ కట్టి ఉంది. ‘మూడో జార్జ్ స్వహస్త సంతకం’ అన్నారు. పత్రం మొదటి వాక్యంలో మూడో జార్జ్ పేరు స్పష్టంగా ఉంది, పైన ‘జార్జ్’ అని సంతకమూ ఉంది. తేదీ 1813 మే, పాలనలో యాభై మూడో సంవత్సరం. లెక్క చూస్తే అదీ సరిగ్గానే ఉంది. ఇంటికొచ్చాక ఫ్రేమ్ విప్పాను. లోపల అట్ట అంచు సంతకం చివరను కప్పేసింది. అట్ట తీస్తే ‘జార్జ్’ పక్కన పి.ఆర్. ఉంది. పత్రం అడుగున ‘రాజు పేరిట, రాజు తరఫున, ప్రిన్స్ రీజెంట్ ఆజ్ఞ ప్రకారం’ అన్న వాక్యం, దాని కింద హోం మంత్రి సిడ్మత్ సంతకం. ఆ వాక్యం అద్దం కింద మొదటినుంచీ నా కళ్ల ముందే ఉంది. పైనున్న సంతకం చూసి మురిసిపోయి అడుగుదాకా చదవలేదు. వెనక్కి తీసుకోమని రాస్తే, ‘జార్జ్ సంతకమే కదా’ అని జవాబొచ్చింది. పత్రం అసలైనదే, సంతకమూ అసలైనదే. మనిషే వేరు. ఈ పాఠంలో సంతకాన్ని ముందు కప్పమంటున్నది అందుకే. ఇంకో మాట, ఫ్రేమ్‌లో ఉన్న పత్రాన్ని ఫ్రేమ్ విప్పిన ఫోటోలు పంపకుండా ఎవరి దగ్గరా కొనకండి.

ఆ పత్రాన్ని నేను అమ్మలేదు. కళ్లు కనబడని తండ్రి విండ్సర్ కోటలో బతికుండగా, ఆయన పేరుతో మొదలైన కాగితం మీద కొడుకు చెయ్యి పడిన ఆ తొమ్మిదేళ్ల కథంతా ఆ ఒక్క తోలుముక్క మీద ఉంది. ఇప్పుడు నా దగ్గరున్న వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

పేరు పక్కన వచ్చే ఆ ఒకటి రెండు అక్షరాల సంగతి ఇంకాస్త చూద్దాం. రాజుకైనా రాణికైనా ఆర్ వస్తుంది, లాటిన్‌లో రెండు మాటలకూ మొదటి అక్షరం అదే. దాని పక్కన ‘ఐ’ ఉంటే చక్రవర్తి అనో, చక్రవర్తిని అనో అర్థం. ఆ ‘ఐ’ మన దేశం వల్ల వచ్చింది. 1876లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది, 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించారు. కాబట్టి 1857 తేదీ ఉన్న పత్రం మీద ‘విక్టోరియా ఆర్.ఐ.’ అని కనబడితే ఇంకేమీ చూడక్కర్లేదు, పక్కన పెట్టేయండి. తిరగేసి మాత్రం ఈ సూత్రం వాడొద్దు. 1877 తర్వాత కూడా ఒట్టి ‘ఆర్’తో ఆమె సంతకాలున్నాయి, వాటిని చూసి కంగారు పడకండి.

ఆ ‘ఐ’ పోయింది కూడా మన వల్లే. 1947 ఆగస్టు 15 తర్వాత ఆరో జార్జ్ తన తల్లి మేరీ రాణికి రాసిన ఉత్తరంలో మొదటిసారి ఆ అక్షరం వదిలేశాడు. ఆమె కవరు వెనక ఆ సంగతి రాసుకుని, చాలా బాధగా ఉందని కూడా రాసుకుంది. ఒక్క అక్షరం రాయకపోవడంలో ఒక సామ్రాజ్యం ముగిసిపోవడం కనబడుతుంది. మన వైపునుంచి చూస్తే మన స్వాతంత్ర్యం ఒక రాజు సంతకంలో కనబడుతుంది. ఈ వ్యాపకం మీద నాకు ప్రేమ కుదిరింది ఇలాంటి వాటివల్లే. అధికారికంగా ఆ బిరుదు తీసేసింది 1948 జూన్ 22న. కాబట్టి ఈ రెండు తేదీల మధ్య కాలంలోని పత్రాన్ని ‘ఐ’ ఉందన్న ఒక్క కారణంతో తోసిపారేయొద్దు.

తేదీ ఇంకో పని కూడా చేస్తుంది. భూతద్దం ఎక్కడ తప్పనిసరో చెబుతుంది. 1830లో నాలుగో జార్జ్ మంచాన పడి కలం పట్టలేని స్థితికి వచ్చినప్పుడు, ఆయన ఎదురుగానే, సాక్షుల ముందు ముద్రతో సంతకం వేయడానికి చట్టం చేశారు. ఆ ఏడాది జూన్ 26న ఆయన పోయాడు. 1861 డిసెంబర్ 14న భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా ముందు సంతకం కావాల్సిన కమిషన్ పత్రాలు గుట్టలుగా పడి ఉన్నాయి. 1862లో చట్టం చేసి, రాణి స్వహస్త సంతకం లేకుండానే కమిషన్లు ఇవ్వొచ్చన్నారు. అందుకని 1862కు ముందు కమిషనా, తర్వాతి కమిషనా అన్నది మొదట చూడండి. తర్వాతిదైతే మూడో పాఠంలో చెప్పిన పరీక్ష చేయకుండా నమ్మకండి. మొదటి ప్రపంచయుద్ధం నాటి ఐదో జార్జ్ కమిషన్లు చాలావాటి మీద ఉన్నది ముద్రే. మీ తాతగారి పెట్టెలో అలాంటిది దొరికితే అది మీ కుటుంబ చరిత్రకు విలువైనది, దాచుకోండి. రాజు స్వయంగా పెట్టిన సంతకంగా మాత్రం లెక్కపెట్టకండి.

ఎనిమిదో ఎడ్వర్డ్ దగ్గర లెక్క తేలిక. 1936 జనవరి 20న రాజయ్యాడు, డిసెంబర్ 11తో అయిపోయింది. ఆయనకు పాలనలో మొదటి సంవత్సరం తప్ప రెండోది లేదు.

ఇప్పటిదాకా చెప్పిన లెక్క తిరగబడే చోట్లు రెండున్నాయి. మొదటిది రెండో చార్లెస్. ఆయన సింహాసనం మీదకు తిరిగొచ్చింది 1660 మేలో. కానీ తండ్రికి మరణశిక్ష వేసి తల తీసిన రోజునుంచే, అంటే 1649 జనవరి 30 నుంచే తన పాలన మొదలైనట్టు లెక్క పెట్టించాడు. అందుకని ఆయన తిరిగొచ్చిన మొదటి ఏడాది పత్రాల మీదే పన్నెండో సంవత్సరం అని ఉంటుంది. అది తప్పు కాదు.

రెండోది క్యాలెండర్. ఇంగ్లాండులో 1751 దాకా అధికారిక పత్రాల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి 1న మొదలవడం 1752 నుంచే. దీన్ని చూసి ఎవరైనా తికమక పడొచ్చు గానీ మనం పడకూడదు. ఉగాది వచ్చేదాకా ఫాల్గుణమంతా పాత సంవత్సరం పేరుతోనే సంకల్పం చెప్పుకుంటాం కదా, అచ్చం అలాగే. ఆన్ రాణి గద్దెనెక్కింది మన ఇప్పటి లెక్కలో 1702 మార్చి 8న. అప్పటి గుమస్తా లెక్కలో అది ఇంకా 1701. కాబట్టి ‘1701 మార్చి 15, మొదటి సంవత్సరం’ అని తేదీ ఉండి పైన ‘ఆన్ ఆర్’ అని ఉంటే ఆ పత్రానికి దోషమేమీ లేదు. అప్పటికి మూడో విలియం ఉన్నాడు కదా అని మంచి పత్రాన్ని చేజార్చుకోకండి. 1752కు ముందు పత్రం మీద జనవరి 1కీ మార్చి 24కీ మధ్య తేదీ కనబడితే, సంవత్సరానికి ఒకటి కలిపి నోట్‌బుక్‌లో రాసుకుని ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టండి.

తేదీ గురించి మాట్లాడుతున్నాం కాబట్టి, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తూ ఇంట్లోని పాత ఫర్మానాలు, సనదులు వెంట తీసుకెళ్దామనుకునేవాళ్లకు ఒక మాట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటిన చారిత్రక పత్రాలను వ్యక్తులు దేశం దాటించకూడదు. నిజాం కాలం నాటి కాగితాలన్నీ ఆ వయసు దాటేశాయి. మంచి ఫోటోలు తీసి అవి తీసుకెళ్లండి. అసలు కాగితం ఇక్కడే ఉండాలి. దాన్ని లామినేషన్ కూడా చేయించకండి, చేయిస్తే ఆ పత్రాన్ని మళ్లీ బయటికి తీయలేం.

ఇక అభ్యాసం. మూడు పత్రాలు ఇస్తున్నాను. ముందు నోట్‌బుక్‌లో లెక్క చేయండి, ఏది కొంటారో, ఏది వదిలేస్తారో, ఎందుకో రాయండి. జవాబులు ఐదో పాఠం మొదట్లో చెప్తాను. ఆ పాఠంలోనే సంతకం బదులు ముద్ర వేసిన మన హైదరాబాద్ పత్రాల దగ్గరికి వెళ్తాం.

మొదటిది కమిషన్. మొదటి వాక్యంలో మూడో జార్జ్ పేరు, అడుగున 1816 ఆగస్టు 9, యాభై ఆరో సంవత్సరం. పైన సంతకం ‘జార్జ్ ఆర్’.

రెండోది కూడా కమిషనే. 1859 సెప్టెంబర్ 3, ఇరవై రెండో సంవత్సరం. సంతకం ‘విక్టోరియా ఆర్’. టార్చి పక్కనుంచి వేస్తే తేదీ దగ్గర నూగు కనబడుతోంది.

మూడోది ఒక ఆజ్ఞాపత్రం. 1702 ఫిబ్రవరి 2, మొదటి సంవత్సరం. సంతకం ‘ఆన్ ఆర్’. అమ్మేవాళ్లు, ‘తేదీ కాస్త అనుమానంగా ఉంది, అందుకే ధర తగ్గించాం’ అంటున్నారు.