కరెంటు బిల్లుకు ఎండ లెక్క: కూలింగ్ డిగ్రీ డేలు నమోదు చేయడం ఎలా?

మే నెల బిల్లు నిరుటికన్నా తగ్గిందనుకోండి. ఏసీ సర్వీసింగ్ చేయించినందుకు తగ్గిందా, మధ్యలో నాలుగు వానలు పడి తగ్గిందా? ఎండ తీవ్రతను ఒక అంకెగా మార్చుకుంటే తప్ప ఇది తేలదు. ఆ అంకే కూలింగ్ డిగ్రీ డే. కావలసిందల్లా ఒక ఎక్సెల్ షీటు, రోజుకు రెండు ఉష్ణోగ్రతలు.

1. బేస్ ఉష్ణోగ్రత పెట్టుకోండి

బయట ఎన్ని డిగ్రీలు దాటితే మీ భవనంలో ఏసీ అవసరం మొదలవుతుందో అదే బేస్. ఇంజనీర్ల లెక్కల్లో తరచూ కనిపించేది 18 డిగ్రీలు. అమెరికాలో 65 ఫారన్‌హీట్, అంటే దాదాపు 18.3. మన ఇళ్లకు అది మరీ తక్కువ. హైదరాబాద్‌లో దాదాపు ఏడాదంతా ఏసీ కావాలన్నట్టు లెక్క వస్తుంది. ఇంటికి 24తో మొదలుపెట్టండి. అద్దాల గోడలు, నిండా కంప్యూటర్లు ఉన్న ఆఫీసుకు ఇంకాస్త తగ్గించాలి.

2. ఒకే స్టేషన్‌ను నమ్ముకోండి

బేగంపేట, గన్నవరం, విశాఖ లాంటి చోట్ల వాతావరణ శాఖ నమోదు చేసే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు తీసుకోండి. దగ్గరలో స్టేషన్ లేకపోతే నాసా పవర్ వెబ్‌సైట్‌లో మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే రోజువారీ అంకెలు ఉచితంగా దొరుకుతాయి. కొన్నాళ్లు అక్కడివి, కొన్నాళ్లు ఇక్కడివి కలిపితే మాత్రం పోలిక చెడుతుంది.

3. రోజు లెక్క

గరిష్ఠం, కనిష్ఠం కూడి సగం చేయండి. అందులోంచి బేస్ తీసేయండి. మైనస్ వస్తే సున్నా వేయండి.

బేస్ 24 అనుకుందాం. పగలు 40, రాత్రి 24 అయితే సగటు 32, డిగ్రీ డేలు 8. పగలు అదే 40 ఉండి రాత్రి 30 దగ్గరే ఆగిపోతే 11. వార్తల్లో రెండు రోజులకూ ఒకే ఎండ అని చెబుతారు. కానీ రెండోరోజు తెల్లవార్లూ ఏసీ ఆగదు. అందుకే కనిష్ఠాన్ని వదిలేయకూడదు.

4. మీటరు తేదీలతో కలపండి

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. రీడింగ్ ఒకటో తేదీనే తీస్తారని లేదు. బిల్లు చీటీ మీద పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ చూసి, ఆ మధ్య రోజుల డిగ్రీ డేలనే కూడండి. మే ఎండలో ఐదారు రోజులు అటూ ఇటూ అయితే 50 డిగ్రీ డేల దాకా తేడా వస్తుంది.

5. పోల్చండి

ఏడాది బిల్లులు చేతిలో ఉంటే అడ్డంగా డిగ్రీ డేలు, నిలువుగా యూనిట్లు పెట్టి గ్రాఫ్ గీసి, చుక్కలన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయే గీత (ట్రెండ్ లైన్) వేయండి. డిగ్రీ డేలు సున్నా ఉన్నచోట గీత చూపేది ఫ్రిజ్, లైట్లు, మోటారు వాడకం. జనవరి బిల్లు ఒక్కటే చూసి దీన్ని తేల్చకండి, అందులో గీజర్ కూడా ఉంటుంది.

ఒక ఇంటికి ఆ వాడకం 150 యూనిట్లు, ఆపైన డిగ్రీ డేకు ఒక యూనిట్ అనుకుందాం. నిరుడు మేలో 295 డిగ్రీ డేలకు 445 యూనిట్లు కాలాయి. ఈసారి 265 డిగ్రీ డేలకు 430. బిల్లు తగ్గినట్టే కనిపిస్తుంది. కానీ కాలాల్సింది 415; 15 యూనిట్లు ఎక్కువే. లోపం ఏసీ ఫిల్టర్‌లో ఉందో, తలుపు సందుల్లో ఉందో చూడాలి.

6. పలు ఊళ్లుంటే

విశాఖ, విజయవాడ, తిరుపతి బ్రాంచీలకు 5,000, 3,000, 2,000 చదరపు అడుగుల ఏసీ స్థలం ఉంటే, మొత్తం స్థలంలో వాటి వాటాల ప్రకారం డిగ్రీ డేలను 0.5, 0.3, 0.2తో గుణించి కూడండి; అన్నిటికీ కలిపి ఒకే అంకె వస్తుంది. ఉత్త సగటు తీస్తే చిన్న బ్రాంచి పెద్దదాంతో సమానమైపోతుంది. విశాఖలో ఉక్కపోత ఎక్కువ. గాలిలోని తేమను లాగడానికి ఏసీ చేసే పని ఈ లెక్కలో పడదు కాబట్టి, విశాఖను విశాఖతోనే పోల్చాలి.

అమెరికాలో ఉన్నవారు చలికాలం గ్యాస్ బిల్లుకు ఇదే లెక్కను తిరగేయాలి: బేస్‌లోంచి సగటు తీసేస్తే హీటింగ్ డిగ్రీ డేలు.

బేస్ 24 మీ ఇంటికి నప్పిందో లేదో చివర్లో సరిచూడండి. 22 నుంచి 26 దాకా ఒక్కోటీ మార్చి, చుక్కలు గీతకు ఎప్పుడు బాగా దగ్గరగా వస్తాయో ఆ అంకెనే ఖాయం చేసుకోండి.