పింట్రెస్ట్‌లో సేవ్‌లు పడుతున్నాయి, సైట్‌కు జనం రావడం లేదు: ఎక్కడ వెతకాలి?

పింట్రెస్ట్‌లో బొమ్మతో వేసే పోస్టును పిన్ అంటారు, అది తెర మీద ఎన్నిసార్లు కనిపించిందో చెప్పేవి ఇంప్రెషన్లు. "ఇంప్రెషన్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, సైట్‌కు మాత్రం ఎవరూ రావడం లేదు" అని అడిగేవాళ్లకు నా మొదటి ప్రశ్న ఒకటే: మీ పిన్‌ను మీరే నొక్కి, సైట్ దాకా వెళ్లి చూశారా? చాలామంది చూసి ఉండరు. డిజైన్ మార్చి ఉంటారు, కీవర్డ్‌లు మార్చి ఉంటారు, రోజుకు వేసే పిన్‌ల సంఖ్య పెంచి ఉంటారు. లింకు నొక్కి మాత్రం ఉండరు.

అందుకని ఇంకేదీ ముట్టుకోకముందు ఈ పని చేయండి. పింట్రెస్ట్ అనలిటిక్స్‌లో ఎక్కువ సేవ్‌లున్న పది పిన్‌లు తీయండి. మీ సైట్‌లో అడ్మిన్‌గా లాగిన్ కాని ఫోన్ తీసుకుని, పింట్రెస్ట్ యాప్‌లోంచే ఒక్కొక్కటీ నొక్కండి. ఏ పేజీ తెరుచుకుంటోంది? పిన్‌లో చూపించిన బొమ్మ ఆ పేజీలో కనిపిస్తోందా? పాపప్ అడ్డొస్తే మూసే గుర్తు స్క్రీన్ మీదే ఉందా, అంచు దాటిపోయిందా? పావుగంట పని. బిజినెస్ అకౌంట్ తీసుకున్నారు, సైట్ క్లెయిమ్ చేశారు (అంటే అది మీదేనని పింట్రెస్ట్‌కు నిరూపించారు) అనుకునే మిగతాది చెబుతున్నాను. అవి చేయకపోతే ముందు అవి చేయండి.

సమస్య 1: ఇంప్రెషన్లే లేవు

పింట్రెస్ట్‌ను సోషల్ మీడియా అనుకుని వాడేవాళ్లకు వచ్చే సమస్య ఇది. అక్కడికి జనం ఎక్కువగా వెతుక్కోవడానికే వస్తారు. "నా కొత్త ప్రయోగం" అని టైటిల్ పెడితే దాన్ని వెతికేవాళ్లు ఎవరూ ఉండరు. టైటిల్‌కు 100 అక్షరాల దాకా చోటుంది, వెతికేవాళ్లు టైపు చేసే మాటలు అందులో ముందే రావాలి. పిన్‌లను విషయం వారీగా దాచే బోర్డు పేరుకూ ఇదే వర్తిస్తుంది. బోర్డు సీక్రెట్‌గా ఉండిపోలేదు కదా అని కూడా చూడండి, నవ్వకండి, ఇది తరచూ జరిగేదే. బొమ్మ నిలువుగా, 2:3 నిష్పత్తిలో, అంటే 1000×1500 పిక్సెళ్లలో ఉండాలి. అడ్డంగా ఉన్న బొమ్మ ఫోన్‌లో చిన్నదైపోయి ఎవరి కంటా పడదు. సీజన్‌కు సంబంధించిన విషయమైతే ఆ సీజన్ మొదలయ్యాక వేసి లాభం లేదు, నెలా రెండు నెలల ముందే వేయాలి. ఎప్పుడు ఏది వెతుకుతున్నారో పింట్రెస్ట్ ట్రెండ్స్‌లో ఉచితంగానే కనిపిస్తుంది.

సమస్య 2: పిన్ క్లిక్‌లున్నాయి, అవుట్‌బౌండ్ క్లిక్‌లు లేవు

ముందు అంకెలు సరిగ్గా చదవండి. పిన్ క్లిక్ పింట్రెస్ట్‌లోనే ఆగిపోయి ఉండొచ్చు, బొమ్మను పెద్దగా చూసి వెళ్లిపోయినవాళ్లూ అందులో ఉంటారు. సైట్ వైపు మనిషిని పంపించేది అవుట్‌బౌండ్ క్లిక్ ఒక్కటే. అది లేదంటే రెండు కారణాలు. ఒకటి, పిన్‌కు లింకే లేకపోవడం. ఐడియా పిన్‌లు (వీడియోలు, బొమ్మలు కొన్ని పేజీలుగా కలిపి వేసేవి) విడిగా ఉన్న రోజుల్లో వాటికి లింకు పెట్టే వీలుండేది కాదు. 2023లో పిన్ రకాలన్నిటినీ ఒకటి చేశారు. అప్పటి పిన్‌లు మీ ఖాతాలో ఉంటే తీసి చూడండి. రెండోది, చెప్పాల్సిందంతా బొమ్మలోనే చెప్పేయడం. ఏడు స్టెప్‌లూ బొమ్మ మీదే రాసేస్తే సేవ్ చేసుకుంటారు గానీ సైట్‌కు ఎందుకొస్తారు? ఫలితం చూపించండి, పద్ధతి పేజీలో ఉంచండి. ఊరించి, తీరా వచ్చాక ఏమీ పెట్టకపోతే మాత్రం వాళ్లు రెండోసారి నొక్కరు.

సమస్య 3: క్లిక్‌లు పడుతున్నాయి, లింకు తెరుచుకుంటోంది, అయినా పోస్టుకు జనం లేరు

నన్ను ఎక్కువగా ఏడిపించింది ఇదే. ఇందులో ఏదీ చెడిపోయినట్టు కనిపించదు. 404, అంటే పేజీ దొరకలేదనే ఎర్రర్, రాదు. సైట్ అనలిటిక్స్‌లో పింట్రెస్ట్ పేరు కూడా ఉంటుంది. వచ్చినవాళ్లు మాత్రం కొన్ని సెకన్లలోనే వెనక్కి పోతుంటారు, ఏ పోస్టు బొమ్మ చూసి వచ్చారో ఆ పోస్టు మొహం కూడా చూడకుండానే.

పిన్ ఎక్కడ పుట్టిందో చూడాలి. మీ సైట్‌లోని బొమ్మను ఎవరైనా సేవ్ బటన్‌తోనో బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌తోనో సేవ్ చేస్తే, మామూలుగా పిన్‌కు అతుక్కునేది ఆ క్షణాన తెరిచి ఉన్న పేజీ అడ్రస్. హోమ్ పేజీలో ఉండగా సేవ్ చేస్తే లింకు హోమ్ పేజీకే వెళుతుంది, కేటగిరీ పేజీలో చేస్తే కేటగిరీకే. మొదట్లో తేడా తెలియదు, ఎందుకంటే ఆ పోస్టు హోమ్ పేజీలో పైనే ఉంటుంది. మీరు కొత్తవి రాసేకొద్దీ అది కిందికి దిగి, రెండో పేజీకి, ఐదో పేజీకి జారిపోతుంది. పిన్ అలా కాదు, ఏడాది తర్వాత కూడా సెర్చ్‌లో పైకి రాగలదు. అప్పుడు నొక్కినవాళ్లకు తాము చూసిన బొమ్మ ఎక్కడా దొరకదు. పైగా ఆ పిన్‌ను ఇంకొకరు తమ బోర్డులో సేవ్ చేసుకున్న ప్రతిసారీ అదే తప్పు లింకు దాని వెంట వెళుతుంది. హోమ్ పేజీలో బొమ్మలు వరసగా, అందంగా పేర్చి ఉంటాయి కాబట్టి సేవ్ చేయబుద్ధయ్యేదీ అక్కడే. టెస్ట్ చేద్దామని సైట్ ఓనర్లు మొదటి సేవ్ కొట్టేది కూడా అక్కడే.

పట్టుకోవడం తేలిక. సైట్ అనలిటిక్స్‌లో ల్యాండింగ్ పేజీల రిపోర్టు తెరిచి, సోర్స్ పింట్రెస్ట్ అని ఫిల్టర్ పెట్టండి. పై వరసల్లో హోమ్ పేజీ, ట్యాగ్ పేజీ, "పేజ్/3" లాంటి అడ్రస్‌లు ఉంటే దొంగ దొరికినట్టే. తర్వాత పింట్రెస్ట్ అనలిటిక్స్‌లో సోర్స్ ఫిల్టర్‌ను "మీ పిన్‌లు" నుంచి "ఇతర పిన్‌లు"కు మార్చండి. జనం మీ సైట్ నుంచి సేవ్ చేసినవి అక్కడ ఉంటాయి. అందరూ తమ పిన్‌లే చూసుకుని, అన్నీ బాగానే ఉన్నాయంటారు.

దీనికో తమ్ముడున్నాడు: వర్డ్‌ప్రెస్‌లో ఒక్క బొమ్మ మాత్రమే ఉండే అటాచ్‌మెంట్ పేజీ. 2023 నవంబర్‌లో వచ్చిన 6.4 వెర్షన్ నుంచి కొత్త సైట్లలో ఇవి మొదటి నుంచే ఆపేసి ఉంటాయి, పాత సైట్లలో ఇంకా తెరుచుకునే ఉండొచ్చు. వాటిని బొమ్మ ఫైల్‌కు రీడైరెక్ట్ చేస్తే, అంటే దారి మళ్లిస్తే, మళ్లీ అదే కథ. ఆ బొమ్మ ఉన్న పోస్టుకు రీడైరెక్ట్ చేయాలి.

పరిష్కారం మొదట థీమ్‌లో చేయాలి. హోమ్, కేటగిరీ పేజీల టెంప్లేట్‌లో ప్రతి బొమ్మ ట్యాగ్‌కు డేటా-పిన్-యూఆర్ఎల్ (data-pin-url) అనే ఆట్రిబ్యూట్ చేర్చి అందులో పోస్టు అడ్రస్ ఇవ్వండి. అది కష్టమనుకుంటే డేటా-పిన్-నోపిన్ (data-pin-nopin) పెట్టి, ఆ పేజీల్లో సేవ్ చేయడమే ఆపేయండి. టెంప్లేట్‌లో ఒకసారి మారిస్తే పాత పోస్టులన్నిటికీ వర్తిస్తుంది. ఆ తర్వాత మీ సొంత పిన్‌లు ఎడిట్ చేసి లింకు సరిచేయండి. తీసేయకండి, వాటికున్న సేవ్‌లు పోగొట్టుకోవడం దండగ. ఇతరుల పిన్‌లను మీరు మార్చలేరు. అందుకే అలా బాగా తిరుగుతున్న బొమ్మలున్న పోస్టులను హోమ్ పేజీలో పైన ఒక వరసగా పెట్టండి. బొమ్మ మాత్రం పిన్‌లో ఉన్నదే ఉండాలి, కొత్తగా ముస్తాబు చేస్తే గుర్తుపట్టరు. అదే పోస్టుకు సరైన లింకుతో కొత్త పిన్‌లూ వేయండి.

సమస్య 4: అక్కడి లెక్కకు, ఇక్కడి లెక్కకు పొంతన లేదు

పింట్రెస్ట్ చూపే అవుట్‌బౌండ్ క్లిక్‌లు, మీ సైట్ అనలిటిక్స్ చూపే సెషన్లు (సందర్శనలు) ఎప్పుడూ సమానంగా ఉండవు. పేజీ లోడ్ కాకముందే మూసేసేవాళ్లుంటారు, ట్రాకింగ్‌కు ఒప్పుకోనివాళ్లుంటారు, యాప్‌లోంచి వచ్చిన కొందరు "డైరెక్ట్"లో కలిసిపోతారు. మీరు వేసే పిన్‌ల లింకులకు యూటీఎం, అంటే క్లిక్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ట్యాగ్, చివర పెట్టుకోండి. సైట్‌లోని ఏదైనా రీడైరెక్ట్ ఆ యూటీఎంను తుడిచేస్తోందేమో చూడండి. అంతకు మించి టెన్షన్ పడాల్సింది లేదు.

సమస్య 5: ఉన్నట్టుండి పడిపోయింది

పర్మాలింక్‌లు, అంటే పోస్టుల అడ్రస్‌లు, మార్చారా? అయితే పాత అడ్రస్‌లన్నిటికీ కొత్త అడ్రస్‌కు పంపే 301 రీడైరెక్ట్ పెట్టండి. కొత్త సెక్యూరిటీ ప్లగిన్ వేశారా? అది పింట్రెస్ట్ బాట్‌ను (మీ పేజీలను చదివే దాని ప్రోగ్రామ్‌ను) అడ్డుకుంటోందేమో ఫైర్‌వాల్ లాగ్‌లో వెతకండి, బాట్‌లు ఏ పేజీలు చూడొచ్చో చెప్పే రోబోట్స్ ఫైల్ కూడా చూడండి. షార్ట్ లింకులు వాడుతుంటే మానేసి పూర్తి అడ్రస్ ఇవ్వండి, అవి స్పామ్ కిందికి తేలిగ్గా పోతాయి. డొమైన్‌నే స్పామ్‌గా బ్లాక్ చేయడం అరుదు. లింకు నొక్కగానే హెచ్చరిక వస్తుంది కాబట్టి మీకే తెలిసిపోతుంది, హెల్ప్ సెంటర్ నుంచి అప్పీల్ పెట్టుకోవాలి. ఇంకా అరుదుగా, పాత థీమ్ వదిలిపోయిన నోపిన్ మెటా ట్యాగ్ (బొమ్మలు సేవ్ చేయనివ్వొద్దని పింట్రెస్ట్‌కు చెప్పే కోడ్) సైట్ మొత్తం మీద ఉంటుంది. పేజీ సోర్స్ తెరిచి వెతికి, కనిపిస్తే తీసేయండి.